గుప్పెట్లో గాలిపంకా

ఎండలు ముదిరితే బజారుకు ఏమేమి వస్తాయో మీకు చెప్పనక్కరలేదు. తాటిముంజలు వస్తాయి, పుచ్చకాయలు వస్తాయి, కొత్త కుండలు వస్తాయి. ఇప్పుడు వాటి సరసన మరొక సరుకు కూడా కనిపిస్తున్నది. అదే గుప్పెట్లో ఇమిడే చిన్న ఎలక్ట్రిక్ ఫాను! రంగురంగుల ప్లాస్టిక్ పిడి, పైన అరచెయ్యంత చక్రం, పిడి మీద ఒక మీట. మీట నొక్కితే రయ్యిమని తిరుగుతుంది. బస్సులో, రైల్లో, తిరునాళ్ళలో, పెళ్ళిపందిళ్ళలో ఎక్కడ చూసినా పిల్లల చేతుల్లో ఇదే. పిల్లలనేమిటి, పెద్దవాళ్ళు కూడా దాన్ని మొహం దగ్గర పెట్టుకొని, కళ్ళు మూసుకొని హాయిగా కూర్చుంటున్నారు.

మీ ఇంట్లోనూ ఒకటి ఉండే ఉంటుంది. అది ఎలా తిరుగుతుందో, కొన్న నెలకే మూలపడకుండా ఎలా చూసుకోవాలో, ఎప్పుడు వాడాలో, మరీ ముఖ్యంగా ఎప్పుడు వాడకూడదో ఈసారి చెప్పుకుందాము. ఫానును వాడకూడని సమయం కూడా ఉంటుందా అని ఆశ్చర్యపోకండి. ఉన్నది. అక్కడికే వస్తున్నాను.

ముందుగా ఒక ప్రశ్న. ఫాను గాలిని చల్లబరుస్తుందా? "చల్లబరచక మరేం చేస్తుంది?" అంటారు మీలో చాలామంది. సరే, పరీక్షించి చూద్దాము. గది వేడిమిని కొలిచే ఉష్ణమాపకం ఒకటి సంపాదించండి. గాజుగొట్టంది అయితే మంచిది. జ్వరం చూసే థర్మామీటరు ఇందుకు పనికిరాదు. అది మన ఒంటి వేడిమి దరిదాపులనే కొలుస్తుంది. ఉష్ణమాపకాన్ని బల్లమీద పెట్టి, ఎన్ని డిగ్రీలు చూపుతున్నదో రాసుకోండి. ఇప్పుడు దాని ఎదుట మీ ఫానును పది నిమిషాలపాటు తిప్పండి. మళ్ళీ చూడండి. 35 డిగ్రీలు ఉన్నచోట 35 డిగ్రీలే ఉంటుంది. రవ్వంత కూడా తగ్గదు! నిజానికి తలుపులన్నీ మూసిన గదిలో ఫాను తిరిగితే గది పిసరంత వేడెక్కుతుంది. ఎందుచేతనంటే, ఫాను తీసుకున్న కరెంటంతా చివరకు వేడిగానే మారుతుంది గనక.

ఇప్పుడు ఉష్ణమాపకం కింది బుడ్డికి తడి గుడ్డపేలిక చుట్టి, మళ్ళీ ఫాను ముందు పెట్టండి. చూస్తూ ఉండగానే డిగ్రీలు దిగిపోతాయి. నాలుగు, అయిదు, ఒక్కొక్క రోజున పది డిగ్రీలు కూడా దిగవచ్చు. గాలి అదే, ఫాను అదే. తడి ఒక్కటే కొత్తగా వచ్చింది. రహస్యమంతా ఆ తడిలోనే ఉన్నదన్నమాట.

నీరు ఆవిరి కావాలంటే దానికి వేడి కావాలి. ఆ వేడిని అది పక్కనున్న వస్తువునుంచి లాక్కుంటుంది. కొత్త కుండలో నీళ్ళు చల్లబడేది ఈ కారణంచేతనే. కుండకు ఉన్న సన్నసన్నని రంధ్రాలలోనుంచి నీరు బయటికి ఊరి, ఆవిరైపోతూ, లోపలి నీళ్ళ వేడిని పట్టుకుపోతుంది. పూర్వం గుమ్మాలకు వట్టివేళ్ళ తడికలు కట్టి నీళ్ళు చల్లేవారు గదా, అదీ ఇందుకే. మన ఒళ్ళు కూడా ఒక కుండ వంటిదే. చర్మంలో ఉన్న చెమట గ్రంథులు నీటిని పైకి పంపుతాయి. ఒక గ్రాము చెమట ఆరిపోతే సుమారు 580 కెలోరీల వేడి మన ఒంటినుంచి వెళ్ళిపోతుంది. దీనిని గుప్తోష్ణం అంటారు. ఇది ఎంత వేడో తెలియాలంటే ఒక లెక్క చూడండి. ఒక గ్లాసుడు, అనగా 200 గ్రాముల చెమట ఆరిపోతే పట్టుకుపోయే వేడితో లీటరున్నర మామూలు నీళ్ళను మరిగే స్థితికి తేవచ్చు!

అయితే చెమట ఆరితేనే ఈ లాభం. కారి కిందపడిపోతే ఏ లాభమూ లేదు. గాలి కదలనప్పుడు మన ఒంటిచుట్టూ తేమతో నిండిన ఒక పలుచని గాలిపొర తొడుగులాగా పట్టుకొని ఉంటుంది. అందులోకి కొత్త ఆవిరి చేరటానికి చోటు చాలదు. ఫాను ఆ పొరను చెదరగొట్టి, అంతకంటె పొడిగా ఉన్న గాలిని తెచ్చి పెడుతుంది. ఫాను చేసే సేవ అంతా ఇదే. విశాఖపట్నంలోనూ మచిలీపట్నంలోనూ ఉన్న పిల్లలకు ఈ సంగతి బాగా అనుభవమై ఉంటుంది. సముద్రతీరాన వేడి 33, 34 డిగ్రీలే ఉన్నా ఉక్కపోతతో ప్రాణం విసిగిపోతుంది. అటువంటి చోట చిన్న ఫాను కూడా ఎంతో హాయినిస్తుంది.

ఇప్పుడు ఆ వాడకూడని సమయం సంగతి. ఇది ఇంట్లో పెద్దలు కూడా శ్రద్ధగా చదవాలి.

మన చర్మం వేడిమి సుమారు 35 డిగ్రీలు ఉంటుంది. గాలి అంతకంటె చల్లగా ఉన్నప్పుడు ఫాను గాలి రెండు విధాల మేలు చేస్తుంది. చెమటను ఆరుస్తుంది, పైగా తాను కూడా కొంత వేడిని మోసుకుపోతుంది. గాలి వేడిమి 35 దాటితే రెండో మేలు తిరగబడుతుంది. అప్పుడు గాలే మన ఒంటికి వేడిని తెచ్చి ఇస్తుంది. చెమట ఆరటం వల్ల కలిగే లాభం దానికంటె ఎక్కువగా ఉన్నంతవరకు ఫరవాలేదు. మరి రోహిణి కార్తెలో మన పల్నాటి రెంటచింతలలోనూ, తెలంగాణాలో రామగుండంలోనూ 44, 45 డిగ్రీల ఎండ కాస్తుంది. ఆ గాలి నిప్పులాగా ఉండటమే కాదు, బొత్తిగా పొడిగా కూడా ఉంటుంది. అంత పొడిగాలిలో చెమట ఫాను సాయం లేకుండానే క్షణంలో ఆరిపోతుంది. ఇక ఫాను చేసేదేమిటి? వడగాడ్పును తెచ్చి ఒంటికి కొట్టటమే! పొయ్యి ఎదుట నిలబడి, ఆ సెగను విసనకర్రతో మన మీదికే విసురుకున్నట్టు అవుతుంది.

అందుకనే ప్రపంచ ఆరోగ్య సంస్థ వారు, వేడిమి 40 డిగ్రీల లోపు ఉన్నప్పుడే ఎలక్ట్రిక్ ఫానును నమ్ముకోండి, ఆపైన అది ఒంటిని వేడెక్కిస్తుంది అని సలహా ఇస్తున్నారు. ముసలివారి విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. వయస్సు మళ్ళినకొద్దీ చెమట తక్కువ పడుతుంది. దాహం కూడా సరిగా తెలియదు. రేకుల కప్పు కింద, మిట్టమధ్యాహ్నం మంచంలో పడుకున్న నాయనమ్మ పక్కన చిన్న ఫాను పెట్టి, "ఇక ఫరవాలేదు" అని పిల్లలూ పెద్దలూ ఎవరి పనిమీద వాళ్ళు వెళ్ళిపోవటం ప్రమాదం. ఫానుతోపాటు తడి కావాలి. చేతులు, మెడ, మొహం తడిగుడ్డతో తుడవండి, లేదా నీళ్ళు చిలకరించండి. తరువాత ఫాను పెట్టండి. అప్పుడు ఆమె ఒంటిలో పుట్టని చెమటను మనమే ఇచ్చినట్టవుతుంది. గుక్కెడు గుక్కెడుగా నీళ్ళో మజ్జిగో తాగిస్తూ ఉండాలి. మనిషి పొంతన లేకుండా మాట్లాడుతున్నా, ఒళ్ళు పెనంలా కాలుతున్నా, వాంతులవుతున్నా, స్పృహ తప్పుతున్నా అది వడదెబ్బ. వెంటనే నీడకు చేర్చి, ఒళ్ళంతా తడుపుతూ 108కి ఫోను చెయ్యాలి. స్పృహ లేనివారి నోట్లో మాత్రం నీళ్ళు పొయ్యకూడదు.

ఇక ఫాను లోపలికి తొంగి చూద్దాము.

పూర్వం గాలి కావాలంటే ఎవరో ఒకరు చెమటోడ్చవలసిందే. తాటాకు విసనకర్ర అయితే మన చేతే నొప్పిపుడుతుంది. దొరల బంగళాలలోనూ కచేరీలలోనూ కప్పునుంచి పెద్ద గుడ్డపంకా వేలాడేది. దానికి తాడు కట్టి, ఆ తాటి కొసను పట్టుకొని ఒక మనిషి వరండాలో కూర్చుని పొద్దస్తమానం లాగుతూ ఉండేవాడు. లోపల దొరగారికి గాలి, బయట అతనికి ఎండ! విద్యుచ్ఛక్తితో తిరిగే ఫాను వచ్చి ఆ పంకా తాళ్ళను ఊడబెరికిందంటే నాకు ఎప్పుడూ సంతోషమే.

1820లో డెన్మార్కు దేశంలో ఆయిర్‌స్టెడ్ అనే శాస్త్రవేత్త, కరెంటు పారుతున్న తీగ దగ్గర ఉన్న దిక్సూచి ముల్లు పక్కకు తిరగటం చూశాడు. తీగలో కరెంటు పారితే ఆ తీగ అయస్కాంతంలాగా పనిచేస్తుందన్నమాట. మరుసటి ఏడు, 1821లో, లండనులో మైకేల్ ఫారడే ఒక గిన్నెలో పాదరసం పోసి, మధ్యలో అయస్కాంతం నిలబెట్టి, దాని చుట్టూ కరెంటు తీగ గిరగిరా తిరిగేటట్టు చేశాడు. ఫారడే కమ్మరి కొడుకు. బడిలో చదివింది బహు స్వల్పం. పుస్తకాలకు అట్టలు వేసే చోట పనిచేస్తూ ఆ పుస్తకాలే చదివి అంతవాడైనాడు. ఆయన గిన్నెలో తిరిగిన తీగకు మీ ఫాను మునిమనుమరాలనుకోవచ్చు. 1880లలో అమెరికాలో షూయ్‌లర్ వీలర్ అనే ఇంజనీరు మోటారుకు రెండు రెక్కలు తగిలించి, బల్లమీద పెట్టుకొనే ఫాను తయారుచేశాడు.

మీ చేతి ఫానులో ఉన్నది బొటనవేలంత మోటారు. చాలావాటిలో అంచున రెండు అయస్కాంతాలు, మధ్య ఇరుసు మీద రాగితీగ చుట్టలు ఉంటాయి. కరెంటు పారినప్పుడు తీగచుట్ట అయస్కాంతమై, పక్కనున్న అయస్కాంతంవైపు తిరుగుతుంది. అక్కడికి చేరి ఆగిపోవలసిందే గదా? ఆగకుండా ఉండటానికి, సరిగ్గా అది దగ్గరకు వచ్చేసరికి కరెంటు దిశ మారిపోయే ఏర్పాటు ఒకటి ఇరుసు మీద ఉంటుంది. దానిని కమ్యుటేటరు అంటారు. కరెంటును దానికి అందించే లోహపు రేకులను బ్రష్షులు అంటారు. గాడిద ముందు కర్రకు గడ్డిపరక కట్టి నడిపించిన కథ మీరు వినే ఉంటారు. అందబోయేసరికి గడ్డి ముందుకు జరిగిపోతుంది! ఇదీ అంతే. ఈ బ్రష్షులు రాసుకొని రాసుకొని కొంతకాలానికి అరిగిపోతాయి. ఖరీదైన ఫానులలో బ్రష్షులు ఉండవు. కరెంటు దిశను మార్చే పనిని ఒక చిన్న ఎలక్ట్రానిక్ పలక చేస్తుంది. అవి ఎక్కువకాలం మన్నుతాయి, చప్పుడు కూడా తక్కువ.

ఫాను గాలిని వెనుకనుంచి తీసుకొని ముందుకు తోస్తుంది. అగరువత్తి పొగతో ఈ సంగతి చూడవచ్చు. ఫాను వెనుక, కాస్త ఎడంగా, పొగను పెట్టండి. అన్ని వైపులనుంచీ మెల్లగా లోపలికి పోతుంది. ముందువైపు మాత్రం ఈటెలాగా తిన్నగా దూసుకుపోతుంది. దీపాన్ని ఊది ఆర్పగలం గాని, గాలి లోపలికి పీల్చి ఆర్పలేం గదా, ఇదీ అదే. అందుచేత ఫాను వీపు గోడకో దిండుకో ఆనించకండి. వెనుక జానెడు చోటు వదలండి. మొహానికి మరీ దగ్గరగా పెట్టుకొని గంటలకొద్దీ ఉంటే కళ్ళు పొడిబారతాయి. మూరెడు దూరం చాలు.

రెక్కలలో వేలు పెట్టకూడదని మీకు తెలుసు. రెక్కలు మెత్తని ప్లాస్టిక్ గదా, ఏమవుతుందిలే అని పెన్సిలు దూర్చి టకటకమనిపించే కొంటెపిల్లలను నేను బడిలో చాలామందిని చూశాను. మోటారు తిరుగుతున్నప్పుడు, తిరగటం వల్లనే, తనలోకి వచ్చే కరెంటును కొంత ఎదురు తోస్తూ ఉంటుంది. రెక్కలు ఆగిపోతే ఆ ఎదురుతోపుడు ఉండదు. అప్పుడు కరెంటు వరదలాగా జొరబడి, రాగితీగ చుట్టను వేడెక్కిస్తుంది. ఒకటి రెండు నిమిషాలలో తీగమీది పూత మాడి, మోటారు కాలిపోవచ్చు. మీట నొక్కి ఉండగా ఫాను తిరగకపోతే తక్షణం మీట ఆపెయ్యాలి.

వేలికన్న ఎక్కువ ప్రమాదం జుట్టుకు. జడలు వేసుకొనే పిల్లలు, మెడలో దండలాగా వేసుకొనే ఫానులు వాడేవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి. ఫాను వెనుకవైపు గాలిని లోపలికి లాగుతుందని చెప్పాను గదా! వదులుగా ఉన్న వెంట్రుకలు దానితోపాటే పోయి ఇరుసుకు చుట్టుకుంటాయి. కిందటి వేసవిలో మా మనుమరాలి ఫాను మూలుగుతూ తిరిగి తిరిగి ఆగిపోయింది. "తాతయ్యా, బ్యాటరీ చచ్చిపోయింది," అని తెచ్చింది. జల్లెడ ఊడదీసి చూస్తే రెక్కల వెనుక ఇరుసుకు వెంట్రుకలు దారపుకండెలాగా చుట్టుకొని ఉన్నాయి. చిన్న చిమటాతో ఒక్కొక్కటే లాగేసరికి మళ్ళీ రయ్యిమన్నది. బ్యాటరీ నిక్షేపంగా ఉన్నది!

ఇదే మొదటి మరమ్మత్తు. రెండవది దుమ్ము దులపటం. ఇక్కడ ఒక చిక్కుప్రశ్న ఉన్నది. సెకనుకు యాభైసార్లు తిరిగే రెక్క మీద దుమ్ము ఎలా నిలుస్తుంది? ఎగిరిపోవద్దూ? ఎందుకు ఎగరదంటే, రెక్కను అంటిపెట్టుకొని ఉన్న బహు పలుచని గాలిపొర రెక్కతోపాటే తిరుగుతుంది. ఆ పొరలో దాగిన దుమ్ముకణానికి గాలి కదులుతున్నట్టే ఉండదు. పైగా ప్లాస్టిక్‌కు గాలి రాపిడివల్ల విద్యుదావేశం పుడుతుంది. దువ్వెనను తలకు రుద్ది కాగితపు ముక్కలను ఆకర్షించే ఆట మీరు ఆడే ఉంటారు. దుమ్మును కూడా అదే పట్టుకుంటుంది. వంటింట్లో వాడే ఫాను అయితే నూనె జిడ్డు తోడై, దుమ్ము జిగురులాగా అంటుకుంటుంది.

పదిహేను రోజులకొకసారి ఫానును శుభ్రం చెయ్యండి. మొదట మీట ఆపి, చార్జింగు తీగ ఊడదియ్యండి. ముందు జల్లెడ కొన్నిటిలో మెలితిప్పితే వస్తుంది, కొన్నిటిలో చిన్న మరలు ఉంటాయి. మరలను ఒక మూతలో వేసుకోండి. నేలమీద పెడితే అవి దొరికితే ఒట్టు! రెక్కల చక్రం వస్తుందేమో, బలవంతం చెయ్యకుండా తిన్నగా ముందుకు లాగి చూడండి. రాకపోతే వదిలెయ్యండి. పాత పళ్ళబ్రష్షుతో దుమ్ము రాల్చి, సబ్బునీళ్ళలో తడిపి గట్టిగా పిండిన గుడ్డతో తుడిచి, నీడన పూర్తిగా ఆరనివ్వండి. కొళాయి కింద పెట్టి కడగకండి. పిడిలోకి నీరు పోతే బ్యాటరీకి చేటు.

ఈ పనిలో మూడు రెక్కలూ సమానంగా తుడవాలి. ఒక రెక్క మీదే మురికి మిగిలితే ఏమవుతుందో లెక్క కట్టి చూపుతాను. ఇరుసునుంచి 4 సెంటీమీటర్ల దూరాన ఒక గ్రాము బరువు అంటుకొని ఉన్నదనుకోండి. సెకనుకు 50 చుట్లు తిరిగేటప్పుడు ఆ ఒక్క గ్రాము ఇరుసును 400 గ్రాముల బరువు లాగినట్టు లాగుతుంది! అదీ ఒకవైపుకు కాదు, సెకనుకు యాభైసార్లు చుట్టూ తిప్పి లాగుతుంది. అందుకే ఫాను చేతిలో వణుకుతుంది, గరగరలాడుతుంది, ఇరుసుపట్టు త్వరగా అరిగిపోతుంది. రెక్క కొస విరిగినా ఇదే గతి. విరిగిన చక్రాన్ని జిగురుతో అతికించి వాడవద్దు. అది ఎగిరి కంటికి తగలవచ్చు.

కీచుమని చప్పుడు వస్తే చాలామంది కొబ్బరినూనె పోస్తారు. వద్దు! కొబ్బరినూనె చలికి పేరుకుంటుంది, దుమ్మును పట్టి బంకలాగా చేస్తుంది. కుట్టుమిషనుకు వేసే నూనెను సూదిమొనతో ఒకే ఒక్క చుక్క ఇరుసు మొదట్లో వెయ్యండి. ఎక్కువైతే అది బ్రష్షులమీదికి పాకి మోటారును పాడుచేస్తుంది. ఇంట్లో పెద్ద టేబిల్‌ఫానుకు కూడా ఈ నూనే మంచిది, కాని గోడకరెంటుతో నడిచే వాటిని పిల్లలు ముట్టుకోరాదు.

అన్నిటికన్న జాగ్రత్తగా చూసుకోవలసింది బ్యాటరీని. ఈ ఫానులలో ఉండేది లిథియం అయాన్ బ్యాటరీ. 1991లో ఇది మొదటిసారిగా బజారులోకి వచ్చింది. దీనికి బాట వేసిన గుడ్‌ఇనఫ్, విటింగ్‌హామ్, యోషినో అనే ముగ్గురు శాస్త్రవేత్తలకు 2019లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి ఇచ్చారు. అప్పటికి గుడ్‌ఇనఫ్ గారి వయస్సు 97 ఏళ్ళు! లావు పిడి ఉన్న ఫానులలో తరచుగా 18650 అని అంకె వేసిన గుండ్రని బ్యాటరీ ఉంటుంది. ఆ అంకె తాళం విప్పటం తేలిక: 18 మిల్లీమీటర్ల వ్యాసం, 65 మిల్లీమీటర్ల పొడవు, చివరి సున్నా గొట్టం ఆకారానికి గుర్తు.

దాని మీద 2000 ఎం.ఏ.హెచ్. అని ఉన్నదనుకోండి. అంటే 2 ఆంపియర్ల కరెంటును ఒక గంటసేపు ఇవ్వగలదని అర్థం. దాని వోల్టేజి 3.7. రెండూ గుణిస్తే 7.4 వాట్ గంటలు. మీ ఫాను 2 వాట్లు తింటే మూడున్నర గంటలు నడుస్తుంది. ఇక్కడ తెలివిగల పిల్లలకు ఒక చిట్కా. రెక్కల వేగాన్ని సగానికి తగ్గిస్తే గాలి సగమే తగ్గుతుంది గాని, ఆ గాలిని తోయటానికి కావలసిన శక్తి లెక్క ప్రకారం ఎనిమిదోవంతుకు పడిపోతుంది. మోటారులో ఇతర నష్టాలు ఉండటంవల్ల అంత లాభం చేతికి రాదు. అయినప్పటికీ, మూడో నంబరు మీద మూడు గంటలు నడిచే ఫాను ఒకటో నంబరు మీద దూరప్రయాణమంతా తోడుండగలదు. చూడబోతే కరెంటు ఖర్చు కూడా అత్యల్పం. ఒక యూనిట్ కరెంటుతో దీన్ని సుమారు వందసార్లు నింపవచ్చు. పాత రకం 75 వాట్ల కప్పు ఫాను అదే యూనిట్‌ను 13 గంటలలో ఖర్చుచేస్తుంది.

ఇంత చిన్న డబ్బాలో ఇంత శక్తి కుక్కి ఉన్నది గనకనే భయం కూడా ఉన్నది. లోపలి రెండు పొరలు ఎందువల్లనైనా ఒకదానికొకటి తగిలితే ఆ శక్తి అంతా ఒక్కసారిగా వేడిగా మారి, బ్యాటరీ భగ్గున మండుతుంది. కింద పడి నలిగినా, ఎండలో ఆపి ఉంచిన కారులో వదిలేసినా, తడిసినా, నాసిరకం చార్జరు పెట్టినా ఈ ప్రమాదం రావచ్చు. అందుచేత చార్జింగు పగటిపూట, పెద్దలు మేలుకొని ఉన్నప్పుడు, గచ్చుమీదో రాతిబల్లమీదో పెట్టి చెయ్యాలి. పరుపుమీద, దిండుకింద, దోమతెర పక్కన ఎంతమాత్రం వద్దు. నింపటం పూర్తయిందని దీపం చూపగానే తీగ ఊడదియ్యండి. ఎండలో తిరిగి వచ్చి వేడిగా ఉన్న ఫానును కాసేపు నీడన చల్లారనిచ్చిన తరువాతనే చార్జింగు పెట్టాలి. 45 డిగ్రీలు దాటిన బ్యాటరీని నింపటం దానికి హాని.

పిడి ఉబ్బినా, అతుకుల దగ్గర విచ్చుకున్నా, తియ్యని ఘాటువాసన వచ్చినా, చెయ్యి పెట్టలేనంత వేడెక్కినా ఆ ఫాను పని అయిపోయిందన్నమాటే. దాన్ని నొక్కి సరిచెయ్యబోకండి, మేకుతో పొడవకండి, "ఇంకొక్కసారి" అని చార్జింగు పెట్టకండి. పెద్దలకు చెప్పి, ఇంటి బయట, మండే వస్తువులకు దూరంగా ఉంచాలి. చెత్తబుట్టలో వెయ్యరాదు. చెత్తబండిలో నలిగితే అక్కడ అంటుకుంటుంది; పాపం, చెత్త ఎత్తేవారి ఒళ్ళు కాలుతుంది. పాత బ్యాటరీలను తిరిగి సేకరించే బాధ్యత తయారీదారులదేనని 2022లో కేంద్ర ప్రభుత్వం నిబంధనలు చేసింది. ఎలక్ట్రానిక్ వ్యర్థాలను తీసుకొనే చోటుకు దాన్ని చేర్చటం అమ్మానాన్నల పని. గుర్తుచెయ్యటం మీ పని.

చార్జింగు ఎక్కటం లేదని మంచి ఫానును పారేసేవారు కూడా ఉన్నారు. రెండు కొసలూ ఒకే రకం సన్నని మూతి ఉన్న కొత్త తీగలు వచ్చాయి గదా, చవక ఫానులు కొన్ని వాటిని గుర్తించవు. ఆ తీగను మార్చి, ఒక కొస పాత పద్ధతి వెడల్పు మూతి ఉన్న తీగ పెట్టి చూడండి. తరచుగా దీపం వెలుగుతుంది! వెలగకపోతే చార్జింగు రంధ్రంలో దుమ్ము ఉండలు కట్టిందేమో చూసి, పొడి పుల్లతో మెల్లగా తియ్యండి. సూదిని గాని పిన్నును గాని పెట్టకూడదు.

ఇక వానలు పడి చల్లబడ్డాక ఫాను అటకెక్కుతుంది. బ్యాటరీని పూర్తిగా ఖాళీ చేసి దాచితే అది లోలోపల ఇంకా కృశించి మళ్ళీ లేవదు. నిండా నింపి దాచినా త్వరగా ముసలిదవుతుంది. సగం నింపి, దుమ్ము తుడిచి, కాగితంలో చుట్టి, వేడి తగలని చోట పెట్టండి. దసరా సెలవులలో ఒకసారి, సంక్రాంతికి ఒకసారి తీసి, అయిదు నిమిషాలు తిప్పి, మళ్ళీ సగానికి నింపి పెట్టండి. శివరాత్రి వెళ్ళిన తరువాత నిండా నింపుకోవచ్చు.